తేనెమంచు ఆకాశం నుంచి కురిసేది కాదు

మాఘమాసంలో మామిడి పూత పట్టిందంటే చాలు, విశాఖపట్నంలో ఒక వాట్సాప్ సందేశం ఇంటింటికీ చేరుతుంది. తెల్లవారుజామున కురిసే మంచులో తీపి జిగురు ఉంటుందని, దాన్నే తేనెమంచు అంటారని, అది పడిన పూత మాడి రాలిపోతుందని, పూత మీద మూగే ఈగలు పిందెను కుళ్లబెడతాయి కనుక పూత నిండుగా విచ్చుకున్నప్పుడే పురుగుమందు కొట్టాలని దాని సారాంశం. పెరట్లో ఒకటి రెండు చెట్లున్నవారు దీన్ని నమ్మి చేస్తున్న పని ఆ చెట్లకే చేటు తెస్తున్నది కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

మంచు అంటే గాలిలోని తేమ చల్లబడి నీరైనదే; అందులో చక్కెర ఉండదు. ఆ జిగురు తేనెమంచు పురుగు విసర్జించేది. బియ్యపు గింజ కన్నా చిన్నదైన ఈ గోధుమరంగు పురుగు పూత కాడల రసాన్ని పీల్చి, మిగులు చక్కెరను చుక్కలు చుక్కలుగా వదులుతుంది. మధురవాడలోని మా పెరటి సువర్ణరేఖ చెట్టు కింద ఒక స్టీలు పళ్లెం, మేడ మీద ఆరుబయట మరొకటి రాత్రంతా ఉంచి చూశాను. మేడ మీది పళ్లెంలో పట్టిన తడి ఎండ రాగానే ఆరిపోయింది. చెట్టు కింది పళ్లెం నిండా గసగసాలంత చుక్కలు మెరుస్తూ, ముట్టుకుంటే వేలికి అంటుకున్నాయి. ఎనిమిది గంటలకల్లా చీమలు బారు కట్టాయి. కొమ్మను కదిపితే పురుగులు టపటపమని ఆకులకు తగులుతూ లేచాయి. మంచు జాడే లేని మిట్టమధ్యాహ్నం మామిడి నీడన నిలిపిన స్కూటరు సీటు జిగటగా మారడం ఇక్కడ చాలామందికి అనుభవమే. ఆకులను నల్లబరిచే మసి తెగులు కూడా ఆ జిగురు మీద పెరిగే బూజే.

అయితే మంచుకు ఏ పాత్రా లేదనడమూ సరికాదు. రాత్రి చలి, ఉదయపు తేమ బూడిద తెగులుకు అనుకూలిస్తాయి, అప్పుడు పూత కాడల మీద తెల్లని పొడి కనిపిస్తుంది. మబ్బు పట్టి గాలిలో తేమ నిలిచిన రోజుల్లో తేనెమంచు పురుగు కూడా ఉద్ధృతమవుతుంది. మంచు కురిసిన మర్నాడే పూత మాడటాన్ని ఏటా చూసే కళ్లకు మంచే దోషిగా తోచడం సహజం. ఇక రాలిన పూతంతా నష్టమే అనుకోనక్కరలేదు. ఒక్కో పూగుత్తిలో వందల, వేల పూలుంటాయి, వాటిలో కాయ కట్టని మగపూలే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకైనా నూటికి ఒక పువ్వు కూడా పండు దాకా రాదు.

అన్నిటికన్నా హాని చేసే మాట ఈగల గురించినది. మామిడి పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు చేర్చి పిందె కట్టించేవి ప్రధానంగా ఈ ఈగలు, తేనెటీగలే. కాయను కుళ్లబెట్టే పండు ఈగ వేరు. అది గుడ్లు పెట్టేది కాయ ముదిరాక. నిండు పూత మీద మందు కొడితే మేలు చేసే ఈగలతోపాటు తేనెమంచు పురుగును తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడా చస్తాయి. పురుగు ఎక్కువగా ఉంటే పూమొగ్గ విచ్చుకోకముందు ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక అవసరమైతే మరొకసారి ఉద్యాన శాఖవారు చెప్పిన మోతాదులో కొట్టవచ్చు. పూత లేని నెలల్లో ఈ పురుగు బెరడు పగుళ్లలో దాగి ఉంటుంది కనుక, కాపు దిగాక గుబురు కొమ్మలు తీసి చెట్టు నడిమికి ఎండ తగిలేలా చేయాలి.