సవరణ: రోజర్స్ పద్ధతి అంటే విన్నది తిరిగి చెప్పడం కాదు

ఇంతకుముందు రాసిన కౌన్సెలింగ్ సైకాలజీ పరిచయం పోస్టులో, అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ పద్ధతిలో కౌన్సెలర్ సలహా ఇవ్వకుండా విని, విన్నదాన్ని తిరిగి చెబుతారని ఒక్క వాక్యంలో రాశాను. అది చదివి "మరి దానికి కౌన్సెలర్ ఎందుకు?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, అందుకే ఈ వివరణ.

ఇంటర్ చదివే అమ్మాయి "ఇంట్లో అందరూ ర్యాంకు గురించే అడుగుతున్నారు" అంది అనుకుందాం. "అందరూ ర్యాంకు గురించే అడుగుతున్నారా" అంటే అది చిలకపలుకు. "నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగట్లేదని బాధగా ఉందా?" అంటే ఆ మాట వెనకున్నదాన్ని పట్టుకునే ప్రయత్నం. ఆ అమ్మాయి "బాధ కాదు, భయం" అని సరిదిద్దితే ఇంకా మంచిది, సంభాషణ అక్కడే ముందుకు కదులుతుంది. రోజర్స్ కూడా 1986లో, తాను చేసేది ఎదుటివారి భావాలను ప్రతిబింబించడం కాదని, తన అవగాహన సరైనదో కాదో వారినే అడిగి చూసుకోవడమని రాశారు.

1957 నాటి ఆయన వ్యాసంలో అసలు బరువంతా కౌన్సెలర్ వైఖరి మీదే ఉంది: నటన లేకపోవడం, షరతుల్లేని ఆదరణ, ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడటం. నా దృష్టిలో మొదటిదే అన్నిటికన్నా కష్టం.

ఇంకొకటి. కౌన్సెలర్‌తో చెప్పుకున్నవి బయటికి పోవు, కానీ ఆ గోప్యతకూ హద్దుంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే కౌన్సెలర్ అవసరమైనవారికి చెప్పాల్సి వస్తుంది. ఆ మాట మొదటి సెషన్‌లోనే చెప్పాలి. అత్యవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.