ఐదు మైళ్ల దగ్గర తప్పిన లెక్క

అణు శాస్త్రవేత్త హోమీ భాభా పేరు ఎత్తినప్పుడల్లా విదేశీ గూఢచారుల కుట్ర కథ మళ్లీ చలామణిలోకి వస్తుంది. ఆయన ప్రయాణిస్తున్న ఎయిరిండియా బోయింగ్ 707 ‘కాంచనజంగ’ 1966 జనవరి 24న ఆల్ప్స్‌లోని మౌంట్ బ్లాంక్‌ను ఢీకొని, అందులోని 117 మందీ దుర్మరణం పాలయ్యారు. అంతకు 13 రోజుల ముందే లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో కన్నుమూయడంతో అనుమానాలు ముసురుకున్నాయి. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కానీ ఫ్రెంచ్ దర్యాప్తు బృందం 1967 మార్చిలో తేల్చిన కారణాలు వేరు. కుట్ర కథకు దక్కిన ప్రచారంలో పదో వంతు కూడా వాటికి దక్కలేదు.

విమానం బీరుట్ నుంచి జెనీవాకు బయల్దేరేటప్పటికే రెండు వీఓఆర్ రిసీవర్లలో ఒకటి పనిచేయడం లేదు. నేల మీది రేడియో కేంద్రానికి విమానం ఏ దిశలో ఉందో వీఓఆర్ చెబుతుంది. రెండు కేంద్రాల దిశలు ఒకదాన్నొకటి ఖండించే బిందువే విమానం ఉన్న చోటు. రెండు రిసీవర్లుంటే రెండు గీతలూ ఒకేసారి అందుతాయి. ఒక్కటే ఉంటే ఒక కేంద్రం చూసి, ఫ్రీక్వెన్సీ మార్చి, రెండోది చూడాలి. ఈలోగా జెట్ మైళ్లు దాటిపోతుంది.

మేఘాలకు వెయ్యి అడుగుల పైన, బయట స్పష్టంగా కనిపించే పరిస్థితిలో దిగగలిగితే తప్ప 19,000 అడుగుల లెవెల్ వదలవద్దని జెనీవా కంట్రోలర్ చెప్పారు. అలాగే దిగుతామని, మౌంట్ బ్లాంక్ దాటుతున్నామని పైలట్ బదులిచ్చారు. రాడార్‌లో చూస్తున్న కంట్రోలర్‌కు అది తప్పని తెలిసింది. ‘మౌంట్ బ్లాంక్‌కు ఐదు మైళ్లు ఉంది’ అన్నారు. పైలట్ ‘రోజర్’ (విన్నాను) అని దిగడం మొదలుపెట్టారు. శిఖరం ఇంకా ముందుందని కంట్రోలర్ ఉద్దేశం. అడ్డుగా ఉన్న శిఖరశ్రేణి వెనకబడిందని పైలట్ నమ్మకం. ‘మీరింకా దాటలేదు, దిగవద్దు’ అన్న రెండు ముక్కలు ఆ సంభాషణలో లేవు. జెట్ వేగానికి ఐదు మైళ్లంటే నిమిషం కూడా పట్టదు. సుమారు 4,750 మీటర్ల ఎత్తులో విమానం కొండను తాకింది. శిఖరాగ్రం అక్కడికి మరో అరవై మీటర్లలోపే. సందేశంలో తగినంత కచ్చితత్వం లేకపోవడం వల్లే పైలట్ దాన్ని అపార్థం చేసుకున్నారని నివేదిక తేల్చింది.

ఇంచుమించు అదే చోట 1950 నవంబర్ 3న కైరో నుంచి జెనీవా వెళ్తున్న ఎయిరిండియా ‘మలబార్ ప్రిన్సెస్’ కూలి 48 మంది మరణించారు. ఆ కొండ కింది బోసాన్ హిమానీనదం శకలాలను మోసుకొచ్చి నేటికీ బయటపెడుతోంది. 2012లో భారత దౌత్య టపా సంచి దొరికింది. ఇందిరా గాంధీ ప్రధాని అవుతున్న వార్త మోసిన 1966 నాటి పత్రికలు 2020లో బయటపడ్డాయి. ఆమె ప్రమాణం చేసిన రోజే ఈ దుర్ఘటన జరిగింది.

యంత్రాలు మెరుగుపడ్డాయి, నిజమే. 1974లో వర్జీనియా కొండను అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ విమానం ఢీకొని 92 మంది మరణించాక, నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరాన్ని అమెరికా తప్పనిసరి చేసింది. అయితే అది రేడియో తరంగాలతో ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్‌తో నేరుగా కిందికే చూస్తుంది. ఎదుట గోడలా లేచే కొండ గురించి చివరి క్షణాల్లో గానీ చెప్పలేదు. 1995లో కొలంబియాలోని కాలీ దగ్గర బోయింగ్ 757లో ఆ హెచ్చరిక మోగింది. పైలట్లు పూర్తి శక్తితో పైకి లేపబోయారు. కానీ దిగేందుకు తెరిచిన స్పీడ్ బ్రేకులు, అంటే గాలికి అడ్డుపడి వేగం తగ్గించే పలకలు, రెక్కల మీద అలాగే ఉండిపోయాయి. 159 మంది బలయ్యారు. విమానం ఉన్న చోటును కొండల ఎత్తుల పటంతో పోల్చి, ముందున్న ముప్పును చూపే కొత్త తరం పరికరాలు ఆ తర్వాతే విస్తృతంగా అమరాయి.

ఎత్తు, క్లియరెన్స్ గురించి కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాన్ని పైలట్ యథాతథంగా తిరిగి చదవాలన్నది నేటి నియమం. స్థానాన్ని సరిదిద్దే మాటకూ ఇదే పట్టింపు ఉండాలన్నది మా వాదన. పైలట్ చెప్పిన చోటు తప్పయితే కంట్రోలర్ ముందుగా ‘కాదు’ అనాలి, తర్వాతే దూరం చెప్పాలి. పైలట్ దాన్ని తిరిగి చదివేదాకా దిగేందుకు అనుమతి ఆపాలి. లేహ్, భుంతర్, పాక్యాంగ్ వంటి కొండ విమానాశ్రయాలకు వెళ్లే మార్గాలతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ఏ పరికరం చెడినా ఎగరవచ్చో చెప్పే జాబితాను అమలు చేసేటప్పుడు, తర్వాతి మజిలీ కొండల మీదుగా ఉందా అన్న ప్రశ్నకు బయల్దేరే ముందే లిఖితపూర్వక జవాబు ఉండాలి. దీనికి కొత్త యంత్రాలు కొననక్కర్లేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.