మార్చిలో పొంగే మమకారం

బెజవాడలో ఎండలు ముదిరే వేళకి కంపెనీలకు జనం మీద ప్రేమ కూడా ముదురుతుంది. అందుకు కారణం ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31. నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. కొనసాగే ప్రాజెక్టుకి కాక ఊరికే మిగిలిపోయిన సొమ్మయితే ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి వాటికి కట్టేయాలి. అక్కడ ఫొటో రాదు.

అలాగని కంపెనీలు అడ్డదిడ్డంగా ఖర్చు పెడతాయని అపవాదు వేయకండి. ముందు భాగస్వాములతో, అంటే సాయం అందుకునే జనంతో, సంప్రదింపులు జరుపుతాయి. గుంటూరు శివారులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ కోసం ఒక కంపెనీ జరిపిన సంప్రదింపులు చూసి నా కళ్ళు చెమర్చాయి. (ఘాటు కూడా కొంత కారణం.) అధికారులు మొదట అక్కడికే వెళ్ళారు పాపం. టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పగానే తుమ్ములు అందుకున్నాయి. దాంతో సభ బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఏసీ హోటలుకి మారింది. మిర్చి సీజన్ మంచి ఊపులో ఉండేదీ మార్చిలోనే. కిలోల లెక్కన కూలి తెచ్చుకునేవాళ్ళు పని మానుకుని బస్సెక్కారు. సమాజ సేవలో సమాజం ఆమాత్రం త్యాగం చేయొద్దూ?

"మీకేం కావాలో మనసు విప్పి చెప్పండమ్మా" అన్నారు పెద్దసారు. ఆయన వెనక బ్యానరు మీద అప్పటికే మంచినీళ్ళ ప్లాంటు బొమ్మ ఉంది. ఒక పెద్దావిడ లేచి, "నీళ్ళదేముంది బాబూ, ఎక్కడో చోట తాగుతాం. తాగినాక పోవడానికే చోటు లేదు. మరుగుదొడ్డి కట్టించండి" అంది. హాలంతా చప్పట్లు. ఆవిడకి శాలువా. సభ వివరాలు రాసే మినిట్స్‌లో మాత్రం "తాగునీటి పథకంపై మహిళల హర్షం" అని ఎక్కింది.

ఆవిడ కోరిక న్యాయమైనదే, కానీ ఆచరణ చూడాలి కదా. నీళ్ళ ప్లాంటయితే చైర్మన్ గారు గ్లాసెత్తి తాగుతూ ప్రారంభించొచ్చు. మరుగుదొడ్డిని ఏం చేసి ప్రారంభిస్తారు?

ఇక బఫే భోజనం, బస్సులు, శాలువాలు. సేవకి పెట్టే సొమ్ములో పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదని రూలుంది గనక వాటిని "అవగాహన కార్యక్రమం" పద్దులో వేశారు. ఫలితాల మదింపు బెడద కూడా లేదు. ఏటా సగటున 10 కోట్లు ఖర్చు పెట్టాల్సిన కంపెనీకే, అదీ కోటికి తగ్గని ప్రాజెక్టులకే అది తప్పనిసరి. మనవాళ్ళ ప్లాంటు కొన్ని లక్షల్లోనే తేలింది. దానికి కరెంటు కనెక్షన్ వచ్చిందా లేదా అని చట్టం అడగదు.

పోయిన రోజు కూలి ఎవరిస్తారని ఆడవాళ్ళు మేస్త్రిని అడిగితే, "శాలువా కప్పారుగా!" అన్నాడట.