కొవ్వాడ సంగతి మనకెందుకు అనుకోకండి

కోనసీమలో నలభై దాటిన వాళ్ళెవర్నైనా కదపండి, పాశర్లపూడి బ్లోఅవుట్ గురించి చెప్తారు. 1995 జనవరిలో గ్యాస్ కోసం బావి తవ్వుతున్న రిగ్గు దగ్గర లేచిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న తెల్లారకముందే నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది, ఇరవై మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే మాడిపోయి మట్టలు నల్లగా వేలాడాయి. అందుకే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కడతామంటే మాకు పక్కింటి సంగతిలాగే ఉంటుంది.

కరెంటు అక్కర్లేదని మేం అనడం లేదు. రాత్రిపూట కరెంటు పోయి చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువులో రొయ్య తేలిపోతుందని ఈ డెల్టాలో చిన్నపిల్లలకీ తెలుసు. అణు విద్యుత్తుకీ గోదారికీ చుట్టరికం కూడా పాతదే: మణుగూరు దగ్గర గోదారి నీళ్ళలోంచే భారజలం (మామూలు నీళ్ళకన్నా బరువైన, అరుదైన రకం నీళ్ళు) తీసి దేశంలోని రియాక్టర్లకు పంపుతున్నారు. కొవ్వాడకు అనుకున్నవి వేరే రకం, మామూలు నీళ్ళతో నడిచే అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ వాళ్ళ ఏపీ1000 రియాక్టర్లు. ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. 2009లో సూత్రప్రాయంగా ఒప్పుకున్న ఈ ప్రాజెక్టు కోసం సుమారు 2,000 ఎకరాలు అనుకున్నారు.

రియాక్టర్ ఆపేస్తే చల్లారిపోతుందనుకుంటాం. చల్లారదు. పొయ్యిలో మంట ఆర్పేసినా నిప్పుల మీద ఎసరు మరుగుతూనే ఉన్నట్టు, ఆపిన క్షణంలో కూడా లోపలి ఇంధనం అసలు వేడిలో ఆరు ఏడు శాతం పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని రోజుల తరబడి నీళ్ళతో చల్లబరుస్తూ ఉండాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో రియాక్టర్లు భూకంపానికి ఆగాయి, కానీ సునామీ నీళ్ళు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి, చల్లబరిచే పంపులు ఆగిపోయాయి, ఇంధనం కరిగి కొంప మునిగింది. ఏపీ1000లో పైన ట్యాంకు పెట్టి, కరెంటు లేకపోయినా నీళ్ళు వాటంతట అవే దిగి 72 గంటలు చల్లబరిచేలా కట్టారు. మంచి ఏర్పాటే, ఒప్పుకుంటాం. మరి నాలుగో రోజు? 1996 నవంబరు తుపానుకు మన ఊళ్ళకు రోడ్లు తెరవడానికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తున్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఖర్చు సంగతీ చూడాలి. ఇవే రియాక్టర్లు రెండు అమెరికాలోని జార్జియాలో 2023, 2024లో మొదలయ్యేసరికి అనుకున్నదానికి రెట్టింపు దాటి 30 బిలియన్ డాలర్లు మించిపోయింది, మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌసే దివాలాకు వెళ్ళింది. ఆ భారం మన కరెంటు బిల్లులో ఎంత పడుతుందో ముందే చెప్పాలి.

అన్నిటికన్నా మాకు బాధ కలిగించేది మత్స్యకారుల సంగతి. భూమికి పట్టా ఉంటుంది, ఎకరానికి ఇంత అని లెక్క కడతారు. సముద్రానికి పట్టా ఎవరిస్తారు? అణు కేంద్రం ముందున్న సముద్రంలో భద్రత కోసం చేపల వేటకు హద్దులు పెడతారు, వాడిన నీళ్ళు వేడిగా మళ్ళీ సముద్రంలోకే వస్తాయి. మన తీరంలో డ్రిల్లింగు వల్ల వేట పోయినవాళ్ళు పరిహారం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో చూశాం. ఇల్లు కట్టిచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, పోయే వేటకు ఏటా ఎంత ఇస్తారో ఒప్పందంలో రాయాలి.

నగరం గ్రామంలో నిద్రలో ఉన్నవాళ్ళకు పరిగెత్తే వ్యవధే లేకపోయింది. కొవ్వాడ చుట్టుపక్కల ఊళ్ళకు ఆ వ్యవధి ఉండాలంటే సైరన్ మోగితే ఎటు వెళ్ళాలి, బస్సు ఎక్కడ ఆగుతుంది, రేడియేషన్ నుంచి థైరాయిడ్ గ్రంథిని కాపాడే అయోడిన్ మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నది తెలుగులో అచ్చువేసి ఇంటింటికీ ఇవ్వాలి, అదీ పునాది తవ్వకముందే.