ఎదురు కట్నమిచ్చి మరీ కాన్ఫరెన్స్‌లో చేరుతున్నారు

2023 ఆగస్టు 4 ఉదయం. యాపిల్ సంస్థతో ప్రసార ఒప్పందానికి సరేనని సంతకాలు పెట్టడానికి అమెరికా పశ్చిమాన తొమ్మిది యూనివర్సిటీల పెద్దలు సిద్ధమవుతున్నారు. అది కుదిరి ఉంటే వాళ్ల కాలేజీ జట్ల లీగ్, పాక్-12 కాన్ఫరెన్స్, నిలిచేది. ఈలోపే వాషింగ్టన్ యూనివర్సిటీ తాము మరో కాన్ఫరెన్స్ అయిన బిగ్ టెన్‌కి వెళ్లిపోతున్నామని తేల్చేసింది. వెనకే ఒరెగన్. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా ఇంకో కాన్ఫరెన్స్ బిగ్ 12 వైపు నడిచాయి. 1915 నాటి మూలాలున్న కాన్ఫరెన్స్‌లో ఆ రాత్రికి మిగిలినవి నాలుగే.

టెంపేలోని అరిజోనా స్టేట్‌లో మన పిల్లలు చాలామందే చదువుతున్నారు. తమ కాలేజీ ఆ రోజు కాన్ఫరెన్స్ మారిందని వాళ్లలో సగం మందికి తెలిసి ఉండదు.

కాన్ఫరెన్స్ అంటే మొదట్లో ఇరుగుపొరుగు కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్. దాన్ని వ్యాపారం చేసింది 1984 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. అంతవరకు కాలేజీ ఫుట్‌బాల్ ప్రసార హక్కులు కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి (ఇది మనమనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది). ఓక్లహోమా యూనివర్సిటీ వాళ్లు కోర్టుకెళ్లి గెలిచారు. ఎవరి ఆట వాళ్లు అమ్ముకోవచ్చని తేలింది. విడిగా అమ్మడం కంటే గుంపుగా అమ్మితే గిట్టుబాటని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఇక గుంపులో ఎవరిని కలుపుకోవాలన్నదే లెక్క. 2014లో బిగ్ టెన్‌లోకి రట్గర్స్, మేరీల్యాండ్ వచ్చాయి. రట్గర్స్ జట్టు గొప్పదని ఎవరూ అనుకోలేదు. కానీ అది న్యూయార్క్ పక్కన ఉంది. బిగ్ టెన్ సొంత ఛానెల్‌కి సభ్యులున్న రాష్ట్రాల్లోని కేబుల్ ఇళ్ల నుంచి ఎక్కువ రేటు వస్తుంది, ఆ ఇంట్లో ఎవరూ ఆట చూడకపోయినా సరే. మనింట్లో ఎన్నడూ పెట్టని ఛానెళ్లకు కూడా ప్యాకేజీలో డబ్బు కట్టినట్టే. తర్వాత జనం కేబుల్ పీకేయడం మొదలయ్యాక ఊరి సైజు కంటే జట్టు పేరుకి విలువ పెరిగింది. 2021లో టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12 వదిలి ఎస్ఈసీ అనే మరో కాన్ఫరెన్స్‌కి వెళ్తామన్నాయి. 2022 జూన్ 30న పాక్-12లోని లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి వెళ్తామన్నాయి.

పాక్-12ని చంపింది యూఎస్‌సీ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. లాస్ ఏంజెలెస్ చేజారడం పెద్ద దెబ్బే, కానీ చావుదెబ్బ కాదు. అసలు తప్పు బేరంలో జరిగింది. బిగ్ 12 కూడా అప్పటికి టెక్సస్, ఓక్లహోమాలను పోగొట్టుకుని కూర్చుంది. దాని పాత ఒప్పందం పాక్-12 దానికంటే ఏడాది ఆలస్యంగా ముగుస్తుంది. అంటే టీవీ వాళ్ల దగ్గర వరసలో ముందున్నది పాక్-12. బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యార్మార్క్ మాత్రం ఆగలేదు. 2022 అక్టోబరుకల్లా ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో ఆరేళ్లకు 228 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. స్కూలుకి ఏడాదికి 3 కోట్ల డాలర్లు దాటుతుంది. పాక్-12 వాళ్లు తమ ధర అంతకంటే ఎక్కువనుకుంటూ నెలలు గడిపారు. చివరికి చేతికొచ్చింది, చందాదారులు పెరిగితేనే డబ్బు పెరిగే యాపిల్ ఒప్పందం.

ఆట బాగాలేక కాన్ఫరెన్స్ పోయిందా అంటే, అదీ లేదు. వాషింగ్టన్ ఆ ఆఖరి సీజన్‌లోనే పాక్-12 గెలిచి, ఓటమి లేకుండా జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

ఇప్పుడు ఎవరు ఎంతకి చేరారో చూడండి. ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌లో దాదాపు సగం వాటాకే ఒప్పుకున్నాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) మొదటి ఏడేళ్లు 30 శాతం వాటాతో ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో చేరాయి. ఏసీసీలో మొదటి అక్షరానికి అర్థం అట్లాంటిక్, ఈ రెండూ ఉన్నది పసిఫిక్ పక్కన. అన్నిటికంటే విచిత్రం డాలస్‌లోని ఎస్ఎంయూ. తొమ్మిదేళ్లు టీవీ డబ్బు అసలే వద్దని అదే ఏసీసీలో చేరింది. డబ్బున్న పూర్వ విద్యార్థులు వారం రోజుల్లో 10 కోట్ల డాలర్లు పోగు చేసిచ్చారు. ఎదురు కట్నం అంటే ఇదే. తీరా మొదటి ఏడాదే జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కి వెళ్లింది కాబట్టి వాళ్లని తప్పుపట్టలేం.

విస్తరణ అంటే బలపడటమని కమిషనర్లు చెప్తారు. నాకు కనిపిస్తున్నది వేరు. సభ్యులు పెరిగేకొద్దీ సమాన వాటా అన్న పాత మాట పోతోంది. కొత్తవాళ్లకు తగ్గించడం దగ్గర మొదలైంది, ఇప్పుడు పాతవాళ్ల దాకా వచ్చింది. ఏసీసీ మీద దాని పాత సభ్యులే ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో రాజీ కుదిరింది: టీవీ డబ్బులో 60 శాతం ఎవరి ఆటను ఎంతమంది చూశారన్న లెక్కన పంచుతారు. బయటకు పోవడానికి కట్టాల్సిన ఫీజు కూడా ఏటేటా తగ్గుతూ 7.5 కోట్ల డాలర్లకు వస్తుంది. తలుపు తీసి పెట్టి, ఇల్లు గట్టిదని చెప్పుకుంటున్నారు.

ఈ లెక్కలన్నీ ఒక్క ఫుట్‌బాల్ కోసమే. మూల్యం కట్టేది మిగతా ఆటలు. యూసీఎల్‌ఏ వాలీబాల్ అమ్మాయి రట్గర్స్‌తో ఆడాలంటే దాదాపు 4,000 కిలోమీటర్లు ఎగరాలి. మనకు హైదరాబాద్ నుంచి దుబాయ్ కూడా అంత దూరం లేదు. పైగా మూడు గంటల టైమ్ తేడా, సోమవారం పొద్దున మళ్లీ క్లాసు. ఆటల శాఖ అప్పులు తీర్చుకోవడానికి యూసీఎల్‌ఏ వెళ్లింది. అదే యూనివర్సిటీ వ్యవస్థలోని కాల్‌కి నష్టం చేసినందుకు ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని ఆ వ్యవస్థను నడిపే బోర్డు సభ్యులు (రీజెంట్లు) ఆదేశించారు. ఫుట్‌బాల్‌ని ఒక్కదాన్నే విడదీసి అమ్ముకుని, మిగతా ఆటల్ని పక్క ఊళ్లతో ఆడనిస్తే సరిపోయేది. ఆ మాట వినే తీరిక ఎవరికుంది? 2025-26 నుంచి ఆటగాళ్లకు స్కూలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది అందరికీ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా. ఇక డబ్బు వేట ఇంకా ముదురుతుంది.

చివరికి పాక్-12లో మిగిలింది ఒరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. కోర్టు కాన్ఫరెన్స్ పగ్గాలు ఆ ఇద్దరికే ఇచ్చింది. పోయిన పది స్కూళ్లు తలా 65 లక్షల డాలర్లు వదులుకున్నాయి. అంతవరకు మన సానుభూతి ఈ ఇద్దరి వైపే. 2024 సీజన్‌కి ఆటలు కుదరక వీళ్లు మౌంటెన్ వెస్ట్ అనే మరో కాన్ఫరెన్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. మా సభ్యులను లాక్కుంటే జరిమానా కట్టాలన్న షరతుకి సంతకం పెట్టారు. 2024 సెప్టెంబరులోనే బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్ సహా ఐదు స్కూళ్లను అక్కడి నుంచే లాక్కున్నారు. 5.5 కోట్ల డాలర్ల జరిమానా చట్టవిరుద్ధమంటూ తామే కేసు కూడా వేశారు.

ఫుట్‌బాల్ ఆడే సభ్యులు ఎనిమిది మంది ఉంటేనే కాన్ఫరెన్స్‌కి గుర్తింపు. ఏడు దగ్గర ఆగిపోయి చాలా టెన్షన్ పడ్డాక, 2025 జూన్ 30న ఎనిమిదోది దొరికింది. అది టెక్సస్ స్టేట్. శాన్ మార్కోస్‌లో ఉంటుంది. అక్కడి నుంచి న్యూమెక్సికో, అరిజోనా, ఆపైన కాలిఫోర్నియా దాటితే గానీ పసిఫిక్ కనపడదు.