‘జరగబోయేదైతే టు, జరిగిపోయిందైతే ఇంగ్’ అన్న సూత్రం చెల్లదు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఇంగ్లీషు వ్యాకరణ చిట్కా తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి మూడు మాటలు: ఒక క్రియ తర్వాత చెప్పే పని జరగబోయేదైతే ‘టు’, జరిగిపోయిందో జరుగుతున్నదో అయితే ‘ఇంగ్’ వాడాలి, ‘టు’ తర్వాత ఎప్పుడైనా మూలక్రియే (‘మీట్’, ‘వర్క్’ వంటి మార్పులేని రూపమే) రావాలి, రెండు రూపాలూ చెల్లే క్రియల దగ్గర ఏది వాడినా అర్థం ఒక్కటే.

మొదటి మాట పూర్తిగా నిరాధారం కాదు. ‘వాంట్’, ‘హోప్’, ‘ప్లాన్’ తర్వాత ‘టు’ వస్తుంది, ‘ఎంజాయ్’, ‘ఫినిష్’ తర్వాత ‘ఇంగ్’ వస్తుంది. ‘టు’ రూపం ఊహలో ఉన్న పని వైపు, ‘ఇంగ్’ రూపం వాస్తవంగా ఉన్న పని వైపు మొగ్గుతాయని భాషాశాస్త్రవేత్త డ్వైట్ బోలింజర్ 1968లోనే ప్రతిపాదించారు. అయితే ఆ మొగ్గును మినహాయింపులు లేని సూత్రంగా మార్చడంలోనే వచ్చింది చిక్కంతా. ‘పోస్ట్‌పోన్’, ‘సజెస్ట్’, ‘కన్సిడర్’, ‘రిస్క్’ అన్నప్పుడు ఆ పని ఇంకా మొదలే కాలేదు, అయినా వాటి తర్వాత ‘ఇంగ్’ వస్తుందే గాని ‘టు’ రాదు. ఇల్లు మారదామా అని ఆలోచిస్తున్న మనిషి ‘ఐ యామ్ కన్సిడరింగ్ షిఫ్టింగ్ టు వైట్‌ఫీల్డ్’ అనాలి. చిట్కాను నమ్మితే ‘కన్సిడరింగ్ టు షిఫ్ట్’ అని తప్పులో కాలేస్తాడు. ఇక ‘షి మేనేజ్డ్ టు క్యాచ్ ది బస్’ అన్నామంటే ఆమె బస్సు ఎక్కేసింది, పని అయిపోయింది, అయినా అక్కడ ఉన్నది ‘టు’నే. శతాబ్దాల వాడుకలో ఒక్కో క్రియ ఒక్కో రూపానికి అలవాటు పడింది కాబట్టి, కాలాన్ని లెక్కగట్టడం కంటే ‘కన్సిడర్ డూయింగ్’, ‘మేనేజ్ టు డూ’ అని జంటగా గుర్తుపెట్టుకోవడమే నికరమైన పద్ధతి. విద్యార్థుల కోసం తయారైన మంచి నిఘంటువులు ప్రతి క్రియ కిందా ఈ జంటను చూపిస్తాయి.

ఉద్యోగార్థులకు ఎక్కువ చేటు చేసేది మాత్రం రెండో మాట. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని ముగిసే మెయిళ్లు దీని చలవే. అక్కడ ఉండవలసింది ‘మీటింగ్ యు’. ఈ ‘టు’ క్రియకు ముందు చేరే గుర్తు కాదు, నామవాచకాన్ని కోరే విభక్తి వంటిది. దాన్ని పట్టుకోవడం సులభమే: ‘లుక్ ఫార్వర్డ్ టు ది ఇంటర్వ్యూ’ అనవచ్చు గనుక అక్కడ ‘ఇంగ్’ కావాలి, ‘వాంట్ టు ది ఇంటర్వ్యూ’ అనలేము గనుక అక్కడ మూలక్రియ కావాలి. రాత్రి షిఫ్టుల గురించి హెచ్ఆర్ అడిగినప్పుడు ‘ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ నైట్స్’ అంటే అలవాటు ఉందని అర్థం. ‘ఐ యూస్డ్ టు వర్క్ నైట్స్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు చేయడం లేదని అర్థం. రెండో జవాబు విన్నవారు ఏమనుకుంటారో వేరే చెప్పాలా?

మూడో మాట మొదటి మాటనే కొట్టేస్తోంది, పంపేవాళ్లు గమనించినట్టు లేదు. ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అంటే తాళం వేయడం మరచిపోవద్దని, ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అంటే వేసిన సంగతి గుర్తుందని. కాలం లెక్క నిజంగా పనికొచ్చే చోట్లలో ఇదొకటి, సరిగ్గా ఇక్కడే తేడా లేదంటున్నారు. ‘స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అన్నవాడు టీ కోసం ఆగాడు, ‘స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అన్నవాడు టీయే మానేశాడు. ఏది వాడినా దాదాపు ఒకే అర్థం వచ్చేవి ‘స్టార్ట్’, ‘బిగిన్’ వంటి కొన్నే, వాటిలోనూ ‘ఇట్ ఈజ్ స్టార్టింగ్ టు రెయిన్’ అంటారు గాని, రెండు ‘ఇంగ్’లు పక్కపక్కనే పడేలా ‘స్టార్టింగ్ రెయినింగ్’ అనరు.