‘లీ’ అనే ఇంటిపేరుకు ఒక పదసూచికకారుడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లీ ఇంటిపేరు వారి దివ్యసముఖమునకు,

అనేక నమస్కారములు. చైనా చరిత్ర మీద తెలుగులో రాబోతున్న ఒక పుస్తకానికి పదసూచిక తయారుచేసే పని నాకు అప్పగించి, “పేర్లను అకారాది క్రమంలో పేర్చడమే కదా, ఒక్క పూట పని” అని సెలవిచ్చిన పెద్దమనిషిని ఈ లేఖలో నేనేమీ అనదలచుకోలేదు. పాపం, ఆయనకు తమరితో పరిచయం లేదు. నిన్న మధ్యాహ్నం ‘ల’ అక్షరం దగ్గర కూర్చుని, చీకటి పడేవరకూ ‘లీ’ దాటి ‘లు’ ముఖం చూడలేకపోయిన నాకు మాత్రం ఆ భాగ్యం అవసరానికి మించే దక్కింది.

ఇంటిపేరును ముందు చెప్పుకోవడంలో చైనావారిదీ మనదీ ఒకటే ఆచారం. అయితే మన ఇంటిపేర్లు ఊళ్ల నుంచీ వృత్తుల నుంచీ వేల సంఖ్యలో పుట్టి ఎవరి దారిన వారు పోయాయి. తమరు మాత్రం దాదాపు పది కోట్ల మందిని ఒక్కరే ఏలుతున్నారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు. పసిపిల్లలతో సహా తెలుగునేల మీద ఆనాడు ఉన్నవారందరికీ ఒకే ఇంటిపేరు తగిలించినా తమరి బలగానికి సరితూగరన్నమాట.

చిన్న చిన్న ఇబ్బందులను నేను లెక్కలోకి తీసుకోను. రాజ్యం పోగొట్టుకుని బందీగా కవిత్వం రాసిన 10వ శతాబ్దపు లీ యూ, సొంత నాటకబృందాన్ని వెంటబెట్టుకు తిరిగిన 17వ శతాబ్దపు లీ యూ మన లిపిలో ఒక్కరే అయిపోతే, కాలం చెప్పి ఇద్దరినీ విడదీశాను. తావో మత మూలపురుషుడు లావోజీ కూడా తమవాడేనని, చైనానేలిన లీ ఇంటి టాంగ్ చక్రవర్తులు వంశవృక్షం మొదట్లో ఆయనను నిలబెట్టుకుని, 666లో ఏకంగా చక్రవర్తి బిరుదే కట్టబెట్టారు. ఆయనను ‘లా’ దగ్గరే ఉంచాను, తమరు మన్నించాలి. బంగారుతీగ చేప పేరు తమరి పేరులాగే పలుకుతుంది కాబట్టి ఆ చేపను తినరాదనీ, అమ్మినవాడికి 60 దెబ్బలనీ అదే వంశం శాసించింది. ఆ చేప నా సూచికలో చోటు అడగలేదు. దాని సంస్కారానికి కృతజ్ఞుణ్ణి.

లీ ఇంటివాడు రాజవుతాడన్న జోస్యం విని బెదిరిన సూయ్ చక్రవర్తి యాంగ్, 615లో లీ హున్ అనే ప్రభువును బంధువులతో సహా చంపించాడు. 618లో లీ యువాన్ అనే మరొకరు సింహాసనమెక్కి టాంగ్ వంశాన్ని స్థాపించారు. ఇలా ఒకరిని బలి ఇచ్చి మరొకరికి కిరీటం పెట్టడం తమరి సొంత వ్యవహారం, నేను తలదూర్చను.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఇంటిపేరు అన్నది పుట్టుకతో రావాలి, లేదా పెంపకంతోనో పెళ్లితోనో రావాలి. తమరు మాత్రం టాంగ్ వారి చేతిలో పండుగపూట పంచే పట్టుపంచె అయిపోయారు. తిరుగుబాటును అణచడానికి తోడ్పడ్డాడని షాతువో తుర్కుల నాయకుడు జూయే చిషిన్‌కు ఒక పంచె పెట్టి లీ గువోచాంగ్‌ను చేశారు. ఆయన మనుమడు లీ త్సున్షు ఆ పంచె కట్టుకునే 923లో చక్రవర్తినని ప్రకటించుకుని, తన రాజ్యానికి టాంగ్ అనే పేరు కూడా పెట్టుకున్నాడు.

షు షిజీ కథ ఇంతకంటే ఘోరం. షు ఇంట పుట్టిన ఈ సేనాని టాంగ్ పక్షానికి వచ్చినందుకు మొదటి చక్రవర్తి మెచ్చి తమరిని బహూకరించాడు. అలా ఆయన లీ షిజీ అయ్యాడు. రెండవ చక్రవర్తి లీ షిమిన్ మరణించాక, ఆయన పేరులోని ‘షి’ మరొకరి పేరులో ఉండరాదని దాన్నీ తీసేస్తే మిగిలింది లీ జీ. ఆ లీ జీ 668లో ప్యాంగ్‌యాంగ్‌ను గెలిచి, మరుసటి ఏడాది గౌరవంగా కన్నుమూశాడు. 684లో ఆయన మనుమడు లీ జింగ్యే యాంగ్‌జౌలో, అధికారం చేతబట్టిన రాజమాత వూ జెతియాన్ మీద తిరగబడ్డాడు. ఎందుకో తెలుసా? ఆమె గద్దె దింపిన లీ వంశపు చక్రవర్తిని తిరిగి కూర్చోబెడతానన్నాడు. నీ కోసం కత్తి పట్టినవాడికి దక్కిందేమిటి? అతని నుంచి నిన్నే ఊడబెరికి, మళ్లీ షు అనిపించారు. అంతటితో ఆగలేదు, చనిపోయి పదిహేనేళ్లయిన తాత సమాధిని తవ్వించి, శవపేటికను పగలగొట్టించారు. ఇరవై ఏళ్ల తరువాత ఆ చక్రవర్తే మళ్లీ గద్దె ఎక్కి, సమాధి కట్టించి పదవులు తిరిగి ఇప్పించాడు. ఇచ్చినప్పుడు అడగలేదు, తీసుకున్నప్పుడు అడగలేదు! అసలు నిన్ను ఎవరు రమ్మన్నారయ్యా ఆ ఇంటికి? షు షిజీగానే ఉండి ఉంటే ఆ ముసలాయన ఎముకలు చల్లగా ఉండేవి, నా సూచికలో ఒకే మనిషికి మూడు పద్దులు, వాటి మధ్య ‘చూడుము’లు పడే బాధా తప్పేది.

నిన్ను పూర్తిగా ద్వేషించలేకపోవడమే నా దురదృష్టం. కవి లీ బాయ్‌ను, కవయిత్రి లీ చింగ్‌జావ్‌ను నీ నుంచి వేరుచేసి చదవలేను. వారిద్దరి కంటే నిన్న నాకు ఆత్మీయుడనిపించినవాడు లీ షిజెన్. పాత వైద్యగ్రంథాలలో ఒకే మూలిక రెండు మూడు పేర్లతో చెదిరిపోవడం, వేర్వేరు మూలికలు ఒకే పేరు కింద కలిసిపోవడం చూసి ఓర్వలేక, ఆ మహానుభావుడు దశాబ్దాల పాటు కూర్చుని 1,892 ద్రవ్యాలను 16 విభాగాలుగా సర్దాడు. 1593లో ఆయన పోయిన మూడేళ్లకు గాని ఆ గ్రంథం అచ్చులో వెలువడలేదు. ఆ ఓపికలో ఒక్క సంవత్సరం సొంత ఇంటివారి జాబితా మీద ఖర్చు చేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇట్లు,
తమరి పుణ్యాన ఇంకా ‘లీ’ దగ్గరే ఉన్న
పదసూచికకారుడు